ప్రెస్ దానంతటదే దిగింది

ఆగస్టు 3, ఆదివారం

షుగరు మూడు వందల ఇరవై. డాక్టరమ్మ నా ముఖం చూడకుండా రిపోర్టు చూసి, రోజూ గంటసేపు నడవాలంది. సాయంత్రానికల్లా మాదేశ్ బూట్లు తెచ్చాడు, ఒక సైజు పెద్దవి. మందపాటి సాక్సు వేసుకుంటే సరిపోతాయట. కొడుకు కొన్నాడంటే అంతే, కాలే సర్దుకోవాలి.

ఎక్కడ నడవాలి అంటే ఇంట్లో అందరిదీ ఒకటే మాట, చెరువు పార్కు. హోసూరులో వేరే రోడ్లే లేనట్టు.

ఆ పార్కు మా కంపెనీ. ఇరవై ఆరేళ్లు నేను పనిచేసిన స్థలం. మూతపడి తొమ్మిదేళ్లయింది. షెడ్లన్నీ కూల్చేసి గడ్డి పరిచారు. ప్రెస్ షాపు ఉన్నచోట ఉయ్యాలలు, క్యాంటీన్ ఉన్నచోట నీళ్లు చిమ్మే ఫౌంటెను. ఇరవై ఆరేళ్లు చెరువు పక్కనే ఉండి నేను చెరువును చూడలేదు, మధ్యలో పన్నెండడుగుల గోడ ఉండేది. ఇప్పుడు గోడ లేదు. చూడడానికి టికెట్టు ఉంది.

మెషిన్లన్నీ పాత ఇనుముకు పోయాయి. ఒక్కటి మాత్రం ఉంచారట, మూడో నంబరు పవర్ ప్రెస్, డై అనే అచ్చు మీద ఇనుప రేకును కొట్టేది. పసుపు రంగు పూసి సిమెంటు దిమ్మె మీద నిలబెట్టారని మాదేశ్ ఫోనులో ఫోటో చూపించాడు. అన్నిట్లోకీ దాన్నే ఉంచాలా?

అక్కడ వాచ్‌మన్ ఈరప్ప, మా ప్రెస్ షాపు వాడే. పార్కు తెరిచిన ఈ ఏడు నెలల్లో నేను అటు పోనిది అందుకు కాదు. మోకాలి నొప్పి వల్ల.

ఈ ఇంట్లో తెలుగు చదవడం వచ్చింది నాకొక్కడికే. బేరిగై బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివాను. నా భార్య సెల్వి మత్తూరు మనిషి, ఆమె చదువు అరవం. మాదేశ్‌ది ఇంగ్లీషు. ఈ డైరీకి తాళం అక్కర్లేదు.

ఆగస్టు 4

వాన వచ్చేలా ఉంది. నడవలేదు.

ఆగస్టు 5

నిన్న వాన రాలేదు. ఈ రోజు కూడా మబ్బు.

ఆగస్టు 6, బుధవారం

వెళ్లాను. గేటు దగ్గరే పట్టుకున్నాడు.

"ఏమప్పా మునిరాజూ, ఇన్నాళ్లకి దోవ కనపడిందా? ఈ పొద్దు వస్తాడు, రేపు వస్తాడు అని దినామూ చూస్తా ఉండాను."

"మోకాలు నొప్పి ఈరప్పా."

"నాకి చెయ్యి లేదు, నీకి కాలు లేదు. సరిపోయె." అని నవ్వాడు.

ఖాకీ చొక్కా కుడిచేతిని మోచేతి దగ్గర మడిచి పిన్నీసు పెట్టుకున్నాడు. విజిల్ మెడలో. పార్కంతా తనే కట్టించినట్టు తిప్పి చూపించాడు. ఈడ టూల్ రూము, ఆడ మన సైకిల్ స్టాండు, ఈ వేపచెట్టు మాత్రం పాతదే. మేం రోజూ పన్నెండు గంటలు నలిగిన నేల మీద పిల్లలు జారుడుబల్ల జారుతున్నారు. వాడికి అది సంతోషం. నాకు ఒళ్లు మండింది.

ప్రెస్ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. పది అడుగుల దూరంలో ఒక గీత ఉన్నట్టు అక్కడే నిలబడ్డాడు. మొక్కలకు నీళ్లు పట్టే పవిత్ర అనే అమ్మాయి ప్రతి శుక్రవారం దానికి కుంకుమ పెట్టి ఒక పువ్వు ఉంచుతుందట. పిల్లలు ఎక్కితే ఈరప్ప విజిల్ ఊదుతాడు గానీ దగ్గరికి పోడు.

"నేను ముట్టకూడదు గదప్పా. నీకి తెలీనిదా."

తెలుసు. ఆ మాట వాడికి చెప్పిందే నేను.

పందొమ్మిదేళ్ల కిందటి ఆయుధ పూజ. ప్రతి ఏడూ మా పద్ధతి ఒకటే. మెషిన్లు కడిగి, అరటి పిలకలు కట్టి, మూడో నంబరు ప్రెస్ డై మీద నిమ్మకాయ పెట్టి ఒక్క స్ట్రోకు కొట్టాలి. కాయ నలగాలి. తర్వాత దశమి దాకా స్విచ్చి ముట్టకూడదు. ఏడాదికొక ఆపరేటరు వంతు నిమ్మకాయ పెట్టడం. ఆ ఏడు ఈరప్ప వంతు. మామూలు రోజుల్లో డైలోకి చెయ్యి పోనివ్వం, పట్టకారుతోనే ముక్క పెట్టాలి. కానీ పూజ కాయను గ్రీజు పట్టకారుతో ఎవరు పట్టుకుంటారు? కడుక్కున్న చేత్తో పెట్టాడు. ప్రెస్ దిగింది.

దానంతటదే దిగింది. ఎంక్వయిరీలో అలాగే రాశాను. డై బిగించే సెట్టరును నేనే కాబట్టి నా మాటే చెల్లింది. తప్పు క్లచ్ స్ప్రింగ్‌దని తేల్చి దాన్ని మార్చారు.

ఆగస్టు 7

నడిచాను. ఐదు రౌండ్లు. విశేషం లేదు.

ఆగస్టు 9, శనివారం

చెరువు గట్టు మీది బెంచీలో కూర్చోబెట్టి ఈరప్ప శుభవార్త చెప్పాడు. కూతురు అముద కొడుకుకు ముప్పై ఒకటో తేదీ బేరిగైలో, వాళ్ల కులదేవత గుడి దగ్గర, తలనీలాలూ చెవులు కుట్టడమూ. మేనమామ ఒడిలో కూర్చోబెట్టి కుట్టాలి. ఈరప్పకూ భార్య చిక్కమ్మకూ అముద ఒక్కతే, అన్నదమ్ములు లేరు, కాబట్టి తాత ఒడి.

"అందరూ నన్నే కుచ్చో అంటారు. నేనెట్ల కుచ్చుంటానప్పా? పసిబిడ్డ. నువ్వు కుచ్చో. చిక్కమ్మ నిన్ను అన్నా అంటాది, వరస గూడా సరిపోతాది. నీ చెయ్యి మంచి చెయ్యి."

నా చెయ్యి మంచిదే. ఆ రోజు పని చేసింది చెయ్యి కాదు.

సరే అన్నాను. వేరే ఏమనాలి?

ఆగస్టు 10, ఆదివారం

ఇది రాసి తీరాలి. ఎవరు చదువుతారు గనక.

ప్రెస్ దానంతటదే దిగలేదు.

ఆ ప్రెస్‌కు రెండు బటన్లు. రెండు చేతులతో రెండూ ఒకేసారి నొక్కితేనే దిగుతుంది, చేతులు బయట ఉండాలని అలా పెట్టారు. పూజ రోజు మాత్రం అది కుదరదు. దేవుడి ముందు చేతులు జోడించి నిలబడాలి కదా. అందుకని బటన్లు తప్పించి కాలి పెడల్ తగిలించేవాణ్ణి. ప్రతి ఏడూ నేనే తగిలించేవాణ్ణి, నేనే తొక్కేవాణ్ణి. రెండు చేతులూ జోడించి, కాలితో. భక్తి చేతుల్లో ఉండేది, బుద్ధి ఎక్కడుండేదో తెలియదు.

ఆ ఏడు బెంగుళూరు నుంచి ఓనరు గారు వచ్చారు, వెంట ఫోటోగ్రాఫరు. నేను కొత్త చొక్కా వేసుకున్నాను. రాహుకాలం వచ్చేస్తోందని పూజ చేసే అయ్యవారు తొందర పెట్టాడు. నిమ్మకాయ ఒకసారి పెడితే దొర్లిపోయింది. సరిచేయడానికి ఈరప్ప మళ్లీ చెయ్యి పెట్టాడు. నేను చూడలేదు. నేను కెమెరా వైపు చూస్తున్నాను. ముఖం బాగా పడాలని నవ్వుతూ చూస్తున్నాను. నవ్వుతూనే తొక్కాను.

జనం చూపంతా హారతి మీద. నా కాలిని ఎవరూ చూడలేదు. కేక విన్నాక కాలు తీసేశాను.

మూడో రోజు ఆస్పత్రిలో కళ్లు తెరిచి వాడు అడిగిన మొదటి మాట, "నాకే ఎందుకప్పా ఇట్లయింది?" దొంగకు తేలు కుట్టినట్టు కూర్చుని ఉన్నాను. అప్పుడు గుర్తొచ్చింది. వాడి చిన్నాయన పోయి అప్పటికి తొమ్మిదో రోజు. పదకొండు రోజులు మైల. చెబితే వంతు పోతుందని ఎవరికీ చెప్పకుండా వచ్చాడు, నాకొక్కడికే చెప్పాడు. "మైలతో అమ్మ ముందర నిలబడితివి గదా ఈరప్పా" అన్నాను. అంతే అన్నాను. మెల్లగా, జాలిగా అన్నాను.

అంతే. ఆ రోజు నుంచి వాడు ఏ పూజలోనూ నిలబడలేదు. పండక్కి సొంత ఇంట్లో కొబ్బరికాయ కొట్టలేదు. అముద పెళ్లికి ధార పోసింది నేనూ సెల్వీ. వాడు వంటల షెడ్డులో ఉల్లిపాయలు తరుగుతున్న ఆడవాళ్ల మధ్య కూర్చున్నాడు. ఒక చెయ్యి ప్రెస్ తీసుకుంది. మిగిలిన మనిషిని నేను తీసుకున్నాను.

ఆగస్టు 11

నిన్న రాసింది చదివాను. మరీ ఎక్కువ చేసి రాశాను. దొర్లిన కాయను చూసుకోకుండా చెయ్యి పెట్టడం వాడి తప్పు కూడా.

ఆగస్టు 15

పార్కులో జెండా, మైకు. వాడికి నిజం చెప్పే వీలు లేదు.

ఆగస్టు 17

పార్కులో జనం. వీలు లేదు.

ఆగస్టు 19, మంగళవారం

అముద ఇంటికి వచ్చింది. బిడ్డను సెల్వి చేతికిచ్చి నా ఎదురుగా కింద కూర్చుంది. చిన్నప్పుడు నా సైకిలు మీద కూర్చుని బడికి పోయిన పిల్ల.

"మామా, నువ్వు కుచ్చోవద్దు. కోపం చేసుకోవద్దు. నాకి మా నాయన ఒడే కావల్ల."

"నేనేమి వద్దంటినా తల్లీ?"

"నా పెండ్లిలో నాయన యాడుండాడో నీకి తెలుసు. తాళి కట్టినాక కాళ్లకి మొక్కల్ల అని ఎతుక్కుంటా పోతే, నీళ్ల డ్రమ్ము ఎనక దాక్కోని ఉండాడు. అక్షింతలు గూడా ఏయలే. మా అమ్మ ఈ పొద్దుకీ తిడతాది, మైల దాచి మమ్మల్నందర్నీ ముంచినావు అని. ఆయన తల ఎత్తడు. ఇప్పుడు బిడ్డకి గూడా ఇట్లే అయితే ఇంగ ఆయన ఎప్పటికీ రాడు మామా. నువ్వు చెప్తే ఇంటాడు. నీ మాట తప్ప ఎవురి మాటా ఇనడు."

చెబుతానన్నాను. ఆ పిల్ల నా కాళ్లకు దండం పెట్టి వెళ్లింది. కాళ్లు వెనక్కి తీసుకున్నాను.

ఆగస్టు 22

గొంతు నొప్పి. మాట రావడం లేదు.

ఆగస్టు 24, ఆదివారం

చెప్పేశాను.

పొద్దున ఆరింటికి, జనం రాకముందు, చెరువు గట్టు బెంచీ మీద. మొదట మెత్తగా మొదలుపెట్టాను. మైలా లేదు, ఏమీ లేదు, కూర్చో అన్నాను. తల అడ్డంగా ఊపాడు. ఇక లాభం లేదనుకుని అన్నాను, "ఈరప్పా, ప్రెస్ దానంతటదే దిగలా. నేను తొక్కినాను."

వాడు చెరువులోని నీటికోళ్లను చూస్తున్నాడు. తర్వాత నవ్వాడు.

"అముద నీ ఇంటికి వచ్చిపోయె గదా. ఎట్లైనా నాయన్ను కుచ్చోబెట్టు మామా అని ఏడ్సింటాది. నువ్వు ఆలోచన చేసి చేసి ఇది కనిపెట్టినావు."

"కాదప్పా. పెడల్ మీద నా కాలు ఉన్నింది. కెమెరా చూస్తా తొక్కేసినాను."

"నీ కాలు తగిలింటే పందొమ్మిదేండ్లు ఊరికే ఉంటావా నువ్వు? నీ గుణం నాకి తెలీదా? ఆస్పత్రిలో మూడు దినాలు అన్నం తినకుండా నా మంచం కాడ కుచ్చున్నోడివి. ఇంగెవురన్నా అయితే దాస్తారు. నువ్వు దాచే మనిషివి కాదు."

"నిజం ఈరప్పా."

"చాలప్పా." మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. "నా పాపం నీ నెత్తిన ఏసుకుంటావా? ఇట్లాంటి స్నేహితుడు ఎవురికి దొరుకుతాడు? అయినా నేను కుచ్చోను. నువ్వే కుచ్చో. ఇప్పుడు ఇంగా బాగా తెలిసె, నీ ఒడే మంచిది అని."

నిజం చెప్పడానికి వెళ్లి దేవుణ్ణయి తిరిగి వచ్చాను.

ఆగస్టు 25

నా వంతు నేను చేశాను. నోరు తెరిచి చెప్పాను, మూడుసార్లు చెప్పాను. నమ్మకపోతే నేనేం చేయను? ఈ రాత్రి నిద్ర పడుతుంది.

ఆగస్టు 26

పట్టలేదు.

ఆ ఫోటో ఉంది. ఫోటోగ్రాఫరు కడిగిన కాపీ ఒక్కటే, ఆ వారమే వెళ్లి అడిగి తెచ్చుకున్నాను. అందులో నేను చేతులు జోడించి నవ్వుతున్నాను, కుడికాలు పెడల్ మీద ఉంది, ఈరప్ప చెయ్యి డైలో ఉంది. దాన్ని చూపిస్తే గుడ్డివాడు కూడా నమ్ముతాడు. అటక మీద రేకుపెట్టెలో ఉంది.

అటక ఎక్కాలంటే నిచ్చెన కావాలి. డాక్టరమ్మ మోకాలికి మెట్లు వద్దంది.

ఆగస్టు 28

మాదేశ్‌ను అటక ఎక్కమంటే ఎక్కుతాడు. అడగలేదు.

సెప్టెంబర్ 1, సోమవారం

నిన్నటి సంగతి. వరసగా రాస్తాను.

బేరిగైకి పొద్దున్నే చేరాం. గుడి ముందు షామియానా, యాభై మంది దాకా జనం. బిడ్డకు గుండు చేసి గంధం పూశారు. ఈరప్ప ప్రహరీ బయట చెప్పుల దగ్గర నిలబడి వచ్చినవాళ్లను లోపలికి పంపుతున్నాడు. అముద ఒకసారి వాడి వైపు చూసింది, ఒకసారి నా వైపు చూసింది. నేను పంచె సర్దుకున్నాను.

చేతులు కడుక్కోవడానికి కొళాయి దగ్గరికి వెళితే చిక్కమ్మ అక్కడ బిందె పట్టుకుని ఉంది. కొళాయి కట్టేసింది.

"ఆయన వారం దినాలుగా ఒకటే పాట పాడతా ఉండాడు. మునిరాజు నాకోసరం తప్పు ఆయన మీద ఏసుకున్నాడు, అంత మంచోడు అని. నేను ఒకటే అడుగుతాను అన్నా. నువ్వు తొక్కినావా?"

అబద్ధం నాలుక చివర సిద్ధంగానే ఉంది. పందొమ్మిదేళ్లు వాడి వాడి నున్నగా అయిపోయిన అబద్ధం. కానీ ఆమె నన్ను పొగడడానికి అడగలేదు.

"ఊఁ" అన్నాను.

ఆమె బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది.

పీట మీద కూర్చున్నాను. మేళం మొదలైంది. బిడ్డను నా ఒడిలో పెట్టారు. మెత్తగా, వేడిగా ఉన్నాడు, నా వేలు పట్టుకుని నోట్లో పెట్టుకున్నాడు. చెవులు కుట్టే ఆచారి బంగారు తీగ చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడు చిక్కమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

"ఇయ్యి" అని నా ఒడిలోంచి బిడ్డను తీసుకుంది. అందరూ చూస్తుండగా ప్రహరీ దాటి చెప్పుల దగ్గరికి నడిచింది. ఈరప్ప వెనక్కి అడుగు వేశాడు.

"వద్దు చిక్కీ, వద్దు. మైల."

"కుచ్చో."

"నా చెయ్యి తగలకూడదు."

"నీకి మైలా లేదు, మన్నూ లేదు. నేను ఇన్నేండ్లు తిట్టిందంతా తప్పు. అమ్మ ముందర నిలబడి చెప్తా ఉండాను, తప్పు నాది. కుచ్చో."

వాడు అక్కడే నేల మీద కూలబడ్డాడు. ఆమె బిడ్డను వాడి ఒడిలో పెట్టింది. ఆచారి తీగ పట్టుకుని అక్కడికి నడిచాడు, వెనకే మేళం వాళ్లు, వెనకే జనం. గుడి ముందు పీట మీద నేనొక్కణ్ణే మిగిలాను. బిడ్డ కెవ్వుమన్నాడు. బిడ్డకంటే గట్టిగా ఈరప్ప ఏడ్చాడు. ఒక చేత్తో, ఒక మోచేత్తో బిడ్డను గుండెకు అదుముకుని ఏడ్చాడు. అముద వాడి భుజం మీద తల పెట్టుకుంది.

నాకు సంతోషం కలగాలి. కలగలేదు. నా ఒళ్లో వేడి ఇంకా ఉంది, అది పోతుందేమోనని కదలకుండా కూర్చున్నాను. సిగ్గు వేసింది.

పంక్తిలో చిక్కమ్మే వడ్డించింది. నా ఆకులో అన్నం పెడుతూ, వంగి, పక్కవాళ్లకు వినపడకుండా చెప్పింది.

"ఆయనకి ఇది నిజమని తెలిస్తే ఇంగొక చెయ్యి పోయినట్లే. ఉండేది ఒక్క స్నేహితుడు. కాబట్టి నువ్వు దినామూ పార్కుకి పోవల్ల. ఆయన పక్కన కుచ్చోవల్ల. ఆయన నిన్ను పొగిడితే ఇనల్ల. ఇంగొకసారి నిజం అని నోరు తెరవద్దు. నా ఇంటి గడప మాత్రం తొక్కొద్దు. ఈడ తినేది తిని పో."

తిన్నాను. పాయసం కూడా వేసింది. షుగరని చెప్పలేదు.

బస్సు దగ్గర ఈరప్ప నా రెండు భుజాలూ పట్టుకున్నాడు. ఒకటి చేత్తో, ఒకటి మోచేత్తో. "నువ్వు చెప్పిన అబద్ధానికే చిక్కమ్మ మనసు కరిగిందప్పా. ఎంత మంచి అబద్ధం చెప్పితివి."

సెప్టెంబర్ 3

నడిచాను.

సెప్టెంబర్ 4

నడిచాను.

సెప్టెంబర్ 7, ఆదివారం

రోజూ వెళుతున్నాను. షుగరు తగ్గిందని డాక్టరమ్మ సంతోషించింది.

వీరాస్వామి అని రిటైరైన మాస్టారు ఒకాయన కొత్తగా నడకకు వస్తున్నాడు. ఈ రోజు ఈరప్ప ఆయన్ని గేటు దగ్గర ఆపాడు. "సార్, మీరు చదువుకున్నోళ్లు, ఒక మాట ఇనండి. ఈ మనిషిని చూసినారా?" అని మొదలుపెట్టి, ఆయుధ పూజ నుంచి బేరిగై దాకా చెప్పాడు. నిమ్మకాయ దొర్లడం దగ్గర చేత్తో చేసి చూపించాడు. తను చెయ్యి పెట్టడం దగ్గర మోచెయ్యి చాపాడు. చివర్లో, "నేను బిడ్డను ఎత్తుకోవల్ల అని, చెయ్యని తప్పు చేసినానని చెప్పినాడు సార్. తోడబుట్టిన తమ్ముడు చేస్తాడా ఆ పని?" అన్నాడు.

మాస్టారు నా చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఇలాంటి వాళ్లు ఉన్నారు కాబట్టే వానలు పడుతున్నాయన్నాడు. నేను తల వంచుకున్నాను. ఎంత వినయమో చూడమని ఈరప్పతో అన్నాడు. మొదటి నుంచీ అంతే సార్ అన్నాడు ఈరప్ప.

ఒక రౌండు నడిచి వచ్చేసరికి వాడి చుట్టూ ఇంకో ఇద్దరు చేరారు. నేను కనబడగానే చెయ్యెత్తి పిలిచాడు. వెళ్లి పక్కన నిలబడ్డాను.